సైనికుల పెళ్లిళ్లు, భార్యల ప్రవేశం: అమెరికా 1945 చట్టం వెనుక కథ

విదేశీయుడైన తన భర్తకు వీసా ఎందుకు నిరాకరించారో చెప్పాలంటూ ఒక అమెరికా పౌరురాలు వేసిన కేసులో ఆ దేశ సుప్రీంకోర్టు 2024 జూన్ 21న తీర్పు ఇచ్చింది. జీవిత భాగస్వామిని దేశంలోకి రప్పించుకోవడం పౌరులకు రాజ్యాంగం ఇచ్చిన ప్రాథమిక హక్కు కాదని మెజారిటీ న్యాయమూర్తులు తేల్చారు. మున్యోజ్ కేసుగా పేరుపడిన ఆ తీర్పుకు ఆధారంగా చూపిన పాత తీర్పుల్లో 1950 నాటి నౌఫ్ కేసు ఒకటి. అందులోని స్త్రీ రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అమెరికా మాజీ సైనికుణ్ణి పెళ్లి చేసుకుని, ‘యుద్ధ వధువుల చట్టం’ కింద న్యూయార్క్ చేరి, రేవులోనే ఆగిపోయిన మనిషి. అందుకే నేటి వివాదం అర్థం కావాలంటే ఆ చట్టం ఎవరి కోసం, ఏ షరతులతో పుట్టిందో చూడాలి.

1855 నుంచి 1922 వరకు అమెరికన్‌ను పెళ్లాడిన విదేశీ స్త్రీకి, జాతి రీత్యా పౌరసత్వానికి అర్హురాలైతే, పెళ్లితోనే పౌరసత్వం వచ్చేది. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత ఫ్రాన్స్ నుంచి వచ్చిన సైనికుల భార్యలు ఆ పద్ధతిలోనే పౌరులయ్యారు. 1922 నాటి కేబుల్ చట్టం దీన్ని రద్దు చేయడంతో భార్య పౌరసత్వం వేరు, భర్త పౌరసత్వం వేరు అయ్యాయి. స్త్రీకి స్వతంత్ర గుర్తింపు ఇచ్చిన సంస్కరణగా దాన్ని మెచ్చుకోవలసిందే అయినా, పెళ్లి వల్ల ఆమెకు దొరికే రక్షణ కూడా దానితోపాటే పోయింది. రెండేళ్లకే వచ్చిన 1924 వలస చట్టం దేశాలవారీగా కోటాలు పెట్టి, పౌరుల భార్యలను కోటా లెక్కలో కలపలేదు గాని, పౌరసత్వానికి జాతి రీత్యా అనర్హులైన వారికి మాత్రం తలుపు పూర్తిగా మూసింది. అప్పటికే 1922లో జపనీయులు, 1923లో భగత్ సింగ్ థిండ్ కేసుతో భారతీయులు ఆ అనర్హుల జాబితాలో చేరారు. 1925లో చైనా స్త్రీల కేసులో సుప్రీంకోర్టు, భర్త అమెరికా పౌరుడైనా సరే అలాంటి భార్యకు ప్రవేశం లేదని స్పష్టం చేసింది.

ఈ గోడలన్నీ నిలిచి ఉండగానే యుద్ధం వచ్చి లక్షల మంది సైనికులను బ్రిటన్, ఇటలీ, ఆస్ట్రేలియా, ఫిలిప్పీన్స్ వంటి దేశాలకు చేర్చింది. పెళ్లికి పై అధికారి అనుమతి తప్పనిసరి. నల్లజాతి సైనికుడు బ్రిటన్‌లో తెల్ల యువతిని పెళ్లి చేసుకుంటానంటే ఆ అనుమతి సాధారణంగా దొరికేది కాదు. ఆ జంటలకు పుట్టిన దాదాపు రెండు వేల మంది పిల్లల్లో ఎందరో తండ్రి పేరు చెప్పుకునే వీలు లేకుండా పెరిగారు. వలస చట్టం దాకా రాకముందే, సైన్యం ఆఫీసులోనే ఆగిపోయిన ఈ పెళ్లిళ్ల సంగతి చాలా కథనాల్లో కనిపించకపోవడం బాధాకరం.

యుద్ధం ముగిశాక ఓడలన్నీ ముందు సైనికులను ఇంటికి చేర్చే పనిలో ఉండటంతో, నెలల తరబడి ఎదురుచూసిన బ్రిటిష్ భార్యలు 1945 శరత్కాలంలో లండన్‌లో పసిపిల్లలతో సహా నిరసనకు దిగారు. అదే ఏడాది డిసెంబర్ 28న యుద్ధ వధువుల చట్టం వచ్చింది. సైన్యంలో ఉన్నవారి, గౌరవంగా విడుదలైనవారి భార్యలు, భర్తలు, మైనర్ పిల్లలు మూడేళ్ల లోపు దరఖాస్తు చేసుకుంటే వీసా పత్రాల నిబంధన గాని, శారీరక, మానసిక లోపాల పేరిట ఉన్న నిషేధం గాని వారికి అడ్డు రాదని ఆ చట్టం చెప్పింది. అయితే అందులో మరో షరతు ఉంది: వలస చట్టాల్లోని మిగతా నిబంధనల ప్రకారం వారు అర్హులై ఉండాలి. ఈ ఒక్క షరతుతో యూరప్ భార్యకు తెరుచుకున్న దారి జపాన్ భార్యకు మూసుకుపోయింది. చట్టం గుర్తించింది దేశానికి సేవ చేసిన సైనికుడి యోగ్యతను. ఆ స్త్రీకి సొంతంగా ఏ హక్కూ ఇవ్వలేదు. తర్వాత వచ్చిన చిక్కుల్లో చాలా భాగం ఇక్కడే మొదలయ్యాయని నా అభిప్రాయం.

1946 జనవరి 26న సౌతాంప్టన్ నుంచి బయలుదేరిన ‘అర్జెంటీనా’ ఓడ 452 మంది భార్యలతో, 173 మంది పిల్లలతో ఫిబ్రవరి 4న న్యూయార్క్ చేరింది. ఓడ ఎక్కే ముందు వారిని టిడ్‌వర్త్ సైనిక శిబిరంలో ఉంచి చేసిన వైద్య పరీక్షల అవమానాన్ని చాలామంది ముసలితనంలో కూడా మరిచిపోలేదు. ఆ తర్వాత ‘క్వీన్ మేరీ’ వంటి పెద్ద ఓడలూ ఈ పనిలోకి వచ్చాయి. మూడేళ్లలో లక్షకు పైగా భార్యలు ఈ చట్టం కింద అమెరికాలో అడుగుపెట్టగా, వారిలో బ్రిటిష్ వారిదే పెద్ద వాటా.

చైనా సంతతి సైనికుల కథ వేరు. యుద్ధంలో పనిచేసిన పన్నెండు వేలకు పైగా చైనా సంతతి అమెరికన్లలో పలువురికి చైనాలో ఎప్పుడో పెళ్లయినా, భార్యను తెచ్చుకునే వీలు లేక ఏళ్ల తరబడి ఒంటరిగా బతికారు. 1943లో చైనీయుల వలసను నిషేధించిన చట్టాలు రద్దయినా మొత్తం చైనీయులకు దక్కిన కోటా ఏడాదికి 105 మాత్రమే. 1946 ఆగస్టు 9 నాటి చట్టం పౌరుల చైనా భార్యలను ఆ కోటా నుంచి తప్పించాకే వేలాది మంది రాగలిగారు, పురుషులే కనిపించే చైనాటౌన్లు క్రమంగా కుటుంబాలుండే పేటలయ్యాయి. వచ్చినవారిని శాన్‌ఫ్రాన్సిస్కోలో నిర్బంధించి, పెళ్లి నిజమైనదేనా అని నెలల తరబడి ప్రశ్నించేవారు. 1948లో ఆ నిర్బంధంలో ఒక స్త్రీ ప్రాణం తీసుకోగా, తోటి స్త్రీలు నిరాహార దీక్షకు దిగారు.

జపాన్ స్త్రీలకు మొదటి వెసులుబాటు 1947 జూలై 22న దొరికింది. అదీ ఆ రోజు వచ్చిన సవరణ చట్టం తర్వాత 30 రోజుల లోపు జరిగిన పెళ్లిళ్లకే. 1950లో మరో తాత్కాలిక గడువు ఇచ్చారు. అనుమతి పత్రాలు చేతికి వచ్చేసరికి గడువు తీరిపోవడం, సైనికుణ్ణి మరో చోటికి బదిలీ చేయడం అప్పట్లో మామూలు విషయాలు. పౌరసత్వానికి జాతిని అడ్డుగా పెట్టే నియమాన్ని 1952 నాటి మెక్‌కారన్-వాల్టర్ చట్టం ఎత్తివేశాకే ఈ రాక ఊపందుకుని, 1960ల నాటికి నలభై వేలు దాటింది. రెడ్‌క్రాస్ జపాన్‌లో ‘వధువుల బడులు’ నడిపి వారికి అమెరికా వంట, ఇంటి పనులు నేర్పింది. అయితే ఏ రాష్ట్రంలో తమ పెళ్లి చెల్లుతుందో తెలుసుకోవడం వారికి అంతకంటే ముఖ్యం. కాలిఫోర్నియా సుప్రీంకోర్టు జాత్యంతర వివాహ నిషేధాన్ని 1948లోనే కొట్టేసినా, 1967లో అలాంటి నిషేధాలన్నిటినీ కొట్టేసిన అమెరికా సుప్రీంకోర్టు లవింగ్ తీర్పు వచ్చేనాటికి ఇంకా 16 రాష్ట్రాల్లో అలాంటి చట్టాలున్నాయి.

ఇక ఎలెన్ నౌఫ్. జర్మనీలో పుట్టి, చెకోస్లొవేకియా మీదుగా ఇంగ్లండ్‌లో శరణు పొంది, బ్రిటిష్ వైమానిక దళంలో పనిచేసి, యుద్ధం తర్వాత జర్మనీలో అమెరికా యుద్ధ శాఖ ఉద్యోగంలో మంచి పేరు తెచ్చుకుంది. 1948లో అమెరికా మాజీ సైనికుణ్ణి పెళ్లాడి ఆగస్టు 14న న్యూయార్క్‌లో దిగగానే ఆమెను అక్కడి రేవులోని ఎల్లిస్ ద్వీపంలో నిర్బంధించారు. ఆమె రాక దేశ భద్రతకు ప్రమాదమన్నారు గాని, ఆధారమేమిటో చెప్పలేదు, విచారణ జరపలేదు. 1950 జనవరి 16న సుప్రీంకోర్టు 4-3తో ప్రభుత్వాన్నే సమర్థించింది. ప్రవేశం నిరాకరించిన విదేశీయుల విషయంలో కాంగ్రెస్ (అమెరికా చట్టసభ) ఏ విధానం పెడితే అదే న్యాయప్రక్రియ అని తీర్పు చెప్పింది. భద్రత పేరిట కూడా ఎన్నో నేరాలు జరుగుతాయని హెచ్చరిస్తూ జస్టిస్ జాక్సన్ విభేదించారు. పత్రికలూ కాంగ్రెస్ సభ్యులూ పట్టుపట్టడంతో చివరికి విచారణ జరిగింది. ఆరోపణలన్నీ చెప్పుడు మాటలేనని వలస అప్పీళ్ల బోర్డు తేల్చాక, 1951 నవంబర్‌లో ఆమె బయటపడింది. ఆమె విడుదలైనా ఆ తీర్పు మాత్రం రద్దు కాలేదు.

పౌరుల భార్యాభర్తలను సంఖ్యా పరిమితి నుంచి మినహాయించే పద్ధతి 1952, 1965 చట్టాల్లో కొనసాగి ఇప్పటికీ అమల్లో ఉంది. గ్రీన్‌కార్డు ఉండి ఇంకా పౌరసత్వం రానివారి భార్యాభర్తలు మాత్రం ఏటా పరిమితి ఉండే వేరే వరుసలో నిలబడాలి. ఆంధ్ర, తెలంగాణల్లో అమెరికా సంబంధాలున్న కుటుంబాలకు ఈ తేడా బాగా తెలుసు. మినహాయింపు పొందినవారికి సైతం ఆఖరి మాట కాన్సులేట్ అధికారిదే. ఆ అధికారి కాదంటే, కారణం అడిగే హక్కు పౌరులకు ఎంతవరకు ఉందన్న ప్రశ్నపైనే మున్యోజ్ కేసులో న్యాయమూర్తులు చీలిపోయారు, ముగ్గురు విభేదించారు.