కుట్టు అక్కర్లేని కోత

“లేజర్‌తో చేయించుకోవాలా, మామూలుగానా?” శుక్లాల ఆపరేషన్ అనగానే వచ్చే ప్రశ్న. జనం లేజర్ అంటున్నది చాలావరకు ఫేకో, అంటే యంత్రంతో శుక్లాన్ని ముక్కలు చేసి పీల్చేసే పద్ధతి. అందులో శుక్లాన్ని నుజ్జు చేసేది కాంతి కాదు, సెకనుకు దాదాపు 40 వేల సార్లు అదిరే సూది. ‘మామూలుది’ అంటే చిన్న కోతతో చేత్తో చేసే ఎస్ఐసీఎస్ (స్మాల్ ఇన్సిషన్ క్యాటరాక్ట్ సర్జరీ). దాన్ని చిన్నచూపు చూడక్కర్లేదు. నేపాల్‌లో కంటి సర్జన్ సందుక్ రుయిత్ బృందం 108 మందిలో ఈ రెండింటినీ పోల్చి 2007లో ఫలితాలు ప్రకటించింది. ఆరు నెలలకు అద్దాలతో చూపు రెండు పద్ధతుల్లోనూ ఒకేలా ఉంది. చేతిపనికి పట్టింది సగటున 9 నిమిషాలు, ఫేకోకి పదిహేను పైనే.

ఈ చేతిపనికి వాడే పనిముట్లు చూస్తే నవ్వొస్తుంది. 26 గేజి సిరంజి సూది కొన వంచితే చాలు, శుక్లం పైపొర గుండ్రంగా చీల్చే సాధనం తయారు. అసలు తెలివంతా కోతలో ఉంది. 6 మి.మీ. దాటిన కోత కుట్టు లేకుండా ఎలా మూసుకుంటుంది?

పాత సైకిల్ వాల్వు గుర్తు తెచ్చుకోండి. ఇత్తడి గొట్టానికి పక్కన సన్న రంధ్రం, దాని మీద రబ్బరు తొడుగు. పంపు కొడితే గాలి రబ్బరును నెట్టుకుని లోపలికి పోతుంది. వెనక్కి రాబోతే, ట్యూబులోని గాలే రబ్బరును రంధ్రానికి అదిమేస్తుంది.

ఈ కోత నేరుగా లోపలికి పోదు, పొరల మధ్య సొరంగంలా సాగుతుంది. కంట్లో ఆ రబ్బరు పని చేసేది ఆ సొరంగం లోపలి పెదవి, కంట్లోని నీటి ఒత్తిడే దాన్ని అదిమి మూస్తుంది. నల్లగుడ్డు అంచుకు 2 మి.మీ. వెనక, తెల్లగుడ్డు మీద అలిగిన మూతిలా గాటు పెడతారు. కొసలు నల్లగుడ్డుకు దూరంగా తిరగాలి, లేకుంటే అంచు జారి అద్దాల్లో సిలిండర్ పవరు పెరుగుతుంది. లోతు 0.3 మి.మీ., తెల్లగుడ్డు మందంలో సగం. అక్కణ్ణుంచి నెలవంక ఆకారపు క్రెసెంట్ బ్లేడుతో పొరల మధ్యగా తొలుచుకుంటూ, కార్నియాలో (నల్లగుడ్డు మీది తేట పొరలో) ఇంకో 1.5 మి.మీ. దాకా వెళ్లాకే కంటి లోపలికి దిగుతారు. వాల్వు రబ్బరు పొట్టిదైతే గాలి దిగినట్టే, సొరంగం పొట్టిదైతే నీరు కారుతుంది.

లోతు కొలవడానికి మీటరేమీ ఉండదు. పొర కింద బ్లేడు మసకగా కనిపించాలి. తేటగా కనిపిస్తే పైపైనే పోతున్నట్టు, కాసేపట్లో పైపొరకు చిల్లు పడుతుంది. బొత్తిగా కనిపించకపోతే మరీ లోతుకు పోయినట్టు, ముందే కంట్లోకి దిగిపోయి ఐరిస్ (కంటిపాప చుట్టూ ఉండే రంగు పొర) బయటికి తన్నుకొస్తుంది. లోపలి ద్వారం వెడల్పు చేసేటప్పుడు కత్తి ముందుకు పోతూనే కోయాలి. వెనక్కి లాగుతూ కోస్తే పెదవి చిరుగులు పడుతుంది.

శుక్లం ముదిరేదాకా ఆగమనడం పాతకాలం మాట. ముదిరితే శుక్లం లోపలి గింజ గట్టిపడి, దాన్ని బయటికి తీయడానికి సొరంగాన్ని ఇంకా వెడల్పు చేయాల్సొస్తుంది.

చివర్లో కంటిని సెలైన్‌తో నింపుతారు. గాలి లేని ట్యూబులో రబ్బరు పట్టదు కదా! తర్వాత గాటు దగ్గర పొడి స్పాంజి ఆనిస్తారు. అది తడిస్తే నీరు కారుతున్నట్టే, 10-0 నైలాన్ అనే సన్నని దారంతో ఒక కుట్టు వేయాల్సిందే, బయట బోర్డు మీద ‘కుట్టు లేని ఆపరేషన్’ అని రాసున్నా సరే.