ఇండిపెండెంట్ హిప్‌హాప్ ఆల్బమ్ కోసం ఇంత ఎదురుచూపు ఎందుకంటే

బిల్లీ వుడ్స్ కొత్త ఆల్బమ్ ప్రకటించాడంటే ఆ రోజు నాకు పని మీద ధ్యాస ఉండదు. ఫొటోల్లో ముఖం చూపించని రాపర్ అతను, చిన్నతనం కొంత జింబాబ్వేలో గడిచింది, ఇప్పుడు బ్యాక్‌వుడ్జ్ స్టూడియోజ్ అని సొంత లేబుల్ (పాటలు రిలీజ్ చేసే కంపెనీ) నడుపుతున్నాడు. ముందు కవర్ బొమ్మ వస్తుంది, తర్వాత పాటల లిస్టు, ఏ బీట్ (రాప్ వెనక వినిపించే సంగీతం) ఎవరు చేశారో వివరాలు, పక్కనే ప్రీ-ఆర్డర్ బటన్. ఒక్క పాట కూడా పూర్తిగా వినకుండానే డబ్బులు కట్టేస్తాను. "రిలీజయ్యాక ఎలాగూ ఫోన్లో వినొచ్చు కదరా, ముందే కొనడం ఎందుకు?" అని ఫ్రెండ్స్ అడుగుతుంటారు. ఒక్క మాటలో చెప్పలేను కాబట్టి మొదటి నుంచి రాస్తున్నా.

1980ల మొదట్లో కాలిఫోర్నియాలోని ఓక్లాండ్‌లో టూ షార్ట్ అనే కుర్రాడు స్నేహితుడు ఫ్రెడ్డీ బీతో కలిసి సొంతంగా క్యాసెట్లు రికార్డు చేసి చేతిమీద అమ్మేవాడు. పేటలో ఎవరైనా డబ్బిస్తే వాళ్ల పేరు పెట్టి, వాళ్ల గురించే రాప్ కట్టి ఇచ్చేవాడు. అంటే కొనేవాడు ముందే ఇచ్చిన డబ్బుతోనే పాట పుట్టేది. కారు డిక్కీ నిండా క్యాసెట్లు వేసుకుని తిరిగి అమ్మడం ఆ ప్రాంతంలో ఒక వ్యాపార పద్ధతే అయింది. దగ్గర్లోని వల్లేహోలో ఈ-40 అనే రాపర్ సిక్ విడ్ ఇట్ లేబుల్‌ని అలాగే నిలబెట్టాడు. ఇక మాస్టర్ పీ అనే రాపర్ 1996లో ప్రయారిటీ రికార్డ్స్ కంపెనీతో చేసుకున్న ఒప్పందం గురించి ఇప్పటికీ రాపర్లు చెప్పుకుంటారు: రాబడిలో 85 శాతం తనకి, పంపిణీ చేసినందుకు 15 శాతం వాళ్లకి, మాస్టర్లు, అంటే అసలు రికార్డింగుల మీద హక్కులు, మాత్రం తనవే. మామూలుగా అయితే మాస్టర్లు కంపెనీవి. పాట బయటికి రావాలన్నా, బీరువాలో పడి ఉండాలన్నా వాళ్ల ఇష్టం.

ఆ ఇష్టం మనిషిని ఏం చేయగలదో తెలియాలంటే ఎంఎఫ్ డూమ్ అనే రాపర్ కథ వినాలి. తమ్ముడు సబ్‌రాక్‌తో కలిసి కేఎండీ అనే గ్రూపులో మొదలయ్యాడు, 1991లో ఎలెక్ట్రా కంపెనీ నుంచి మొదటి ఆల్బమ్ వచ్చింది. రెండోదాని పని నడుస్తుండగానే 1993 ఏప్రిల్‌లో కారు గుద్ది సబ్‌రాక్ చనిపోయాడు. ఆ దుఃఖంలోనే అన్న కూర్చుని 'బ్లాక్ బాస్టర్డ్స్' పూర్తి చేశాడు. కవర్ బొమ్మ కూడా తనే గీశాడు: నల్లజాతి వాళ్లని ఎగతాళి చేసే పాత శాంబో కార్టూన్‌ని ఉరి తీస్తున్నట్టు. ఆ అవమానపు బొమ్మ చావాలన్నదే దాని అర్థం. బిల్‌బోర్డ్ పత్రికలో విమర్శలు రాగానే కంపెనీ వెనక్కి తగ్గి 1994లో ఆల్బమ్ ఆపేసింది, గ్రూపునీ వదిలించుకుంది. అవి తమ్ముడి ఆఖరి పాటలు. ఏడాది తేడాలో తమ్ముడూ పోయాడు, ఆ పాటలూ పోయాయి. ఎన్నిసార్లు చదివినా ఇక్కడికొచ్చేసరికి నాకు గొంతు పట్టేస్తుంది.

కొన్నేళ్లు మనిషి కనపడలేదు. తర్వాత న్యూయార్క్‌లోని న్యూయోరికన్ పోయెట్స్ కెఫేలో, ముఖానికి స్టాకింగ్ (పల్చటి పొడవాటి మేజోడు) లాగేసుకుని మైక్ పట్టుకున్నాడు. అతని గుర్తుగా మారిన లోహపు మాస్క్ ఆ తర్వాత వచ్చింది. 1999లో 'ఆపరేషన్: డూమ్స్‌డే' ఆల్బమ్‌ని తెచ్చింది బాబీటో గార్సియా నడిపిన ఫాండిల్ ఎమ్ అనే చిన్న లేబుల్. ఆగిపోయిన ఆ కేఎండీ ఆల్బమ్ కూడా చివరికి చిన్న లేబుళ్ల చేతుల మీదుగానే జనానికి చేరింది.

2002లో స్టోన్స్ త్రో లేబుల్ కోసం డూమ్, బీట్లు చేసే మాడ్‌లిబ్‌తో కలిసి 'మ్యాడ్‌విలనీ' అనే ఆల్బమ్ మొదలుపెట్టాడు. మాడ్‌లిబ్ బ్రెజిల్ వెళ్తూ చిన్న శాంప్లర్ (పాత పాటల ముక్కల్ని తీసి బీటుగా మార్చే యంత్రం), చేత్తో మోసుకెళ్లే టర్న్‌టేబుల్ (రికార్డు ప్లేయర్), ఒక క్యాసెట్ డెక్ పట్టుకెళ్లి హోటల్ గదిలోనే బీట్లు చేశాడు. (మన పాత హిందీ సినిమా పాటల ముక్కలతో 2007లో ఏకంగా ఒక ఇండియా ఆల్బమే చేసింది కూడా ఇతనే.) ఇంతలో డెమో టేపు దొంగల పాలై ఇంటర్నెట్‌లోకి వచ్చేసింది, అసలు రిలీజ్‌కి ఏడాది పైగా ముందు. ఇద్దరికీ మనసు విరిగి వేరే పనుల్లో పడ్డారు. మళ్లీ తిరిగొచ్చినప్పుడు డూమ్ తన గొంతు మొత్తం మళ్లీ రికార్డు చేశాడు. లీకైన దాంట్లో హుషారుగా, గట్టిగా వినిపిస్తాడు. 2004 మార్చి 23న వచ్చిన ఆల్బమ్‌లో గొంతు దించి, తొందర లేకుండా, పక్కన కూర్చుని చెబుతున్నట్టు ఉంటాడు. రెండూ వెంటవెంటనే విని చూడండి, ఆ ఆలస్యం ఎంత మేలు చేసిందో తెలుస్తుంది. రిలీజ్ డేటు వాయిదా పడితే నాకు కోపం రాకపోవడానికి కారణం అదే.

ఈమధ్య ఆలస్యాలకు ఇంకో కారణం కూడా ఉంది. వినైల్ (గ్రామఫోన్ రికార్డు) తయారీకి మామూలుగా మొదట లక్కర్ పూత ఉన్న డిస్క్ మీద గాడి చెక్కాలి. ఆ డిస్కులు చేసే ముఖ్యమైన ఫ్యాక్టరీలు అప్పటికి ప్రపంచంలో రెండే ఉండేవి, ఒకటి జపాన్‌లో. కాలిఫోర్నియాలోని రెండోది, అపోలో మాస్టర్స్, 2020 ఫిబ్రవరిలో కాలిపోయింది. వెంటనే కోవిడ్ వచ్చింది, వినైల్ గిరాకీ పెరిగింది, చిన్న లేబుళ్లు ప్రెస్సింగ్ ప్లాంట్ల (రికార్డులు అచ్చువేసే ఫ్యాక్టరీల) క్యూలో నెలలకు నెలలు నిలబడ్డాయి. ప్రీ-ఆర్డర్ డబ్బే ఆ ప్రెస్సింగ్ ఖర్చు. 2013లో నిప్సీ హసిల్ అనే రాపర్ 'క్రెన్‌షా'ని ఉచితంగా డౌన్‌లోడ్‌కి పెట్టి, అదే ఆల్బమ్ 1,000 కాపీలు ఒక్కోటి 100 డాలర్లకి అమ్మితే ఒక్క రోజులో అయిపోయాయి. కొన్నవాళ్లకి తాము దేనికి ఇస్తున్నారో తెలుసు. కళాకారులు తమ పాటల్ని నేరుగా అమ్ముకునే బ్యాండ్‌క్యాంప్ సైటులో డిజిటల్ ఆల్బమ్ కొంటే సైటు వాటా 15 శాతం. 2020 మార్చిలో మొదలైన బ్యాండ్‌క్యాంప్ ఫ్రైడే నాడు, అంటే వాళ్లు ఎంచిన కొన్ని శుక్రవారాల్లో, ఆ వాటా కూడా వదిలేస్తారు.

'మ్యాడ్‌విలనీ'కి రెండో భాగం వస్తుందని మేమంతా ఏళ్ల తరబడి చూశాం. 2020 డిసెంబర్ 31న వార్త తెలిసింది, డూమ్ అక్టోబర్ 31నే చనిపోయాడని. నేనప్పటికి అతని రికార్డు ఒక్కటీ కొనలేదు, అన్నీ ఫ్రీగా విన్నవే. ఇప్పుడు బ్యాండ్‌క్యాంప్ ఫ్రైడే అమెరికా పశ్చిమ తీరపు అర్ధరాత్రికి మొదలవుతుంది, అంటే హైదరాబాద్‌లో శుక్రవారం మధ్యాహ్నం పన్నెండున్నర, అమెరికా చలికాలంలో ఒంటిగంటన్నర. రెండింటికీ ఫోన్లో అలారం ఉంది.