బీమా లేని బండి, పొలం దాకా వచ్చే పరిహారం

గోదావరి డెల్టాలో కాలువ గట్ల రోడ్ల మీద ధాన్యం ట్రాక్టర్లు, రొయ్యల వ్యాన్లు, కొబ్బరికాయల ఆటోలు ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ పోతుంటాయి. బీమా లేని బండి ఎవరినైనా గుద్దితే ముందు కూర్చునేది పెద్దమనుషులే. ఎంతో కొంత నగదు ఇప్పించి, కాగితం మీద సంతకం పెట్టిస్తారు. ఆ కాగితం కోర్టులో నిలుస్తుందని నమ్మిన కుటుంబాలే తర్వాత ఎక్కువగా నష్టపోతాయి.

మోటారు వాహనాల చట్టం 1939లో వచ్చినా థర్డ్ పార్టీ బీమా, అంటే మన బండి వల్ల ఎదుటివారికి కలిగే నష్టానికి చెల్లించే బీమా, తప్పనిసరి అయింది 1946 జూలై 1 నుంచి. అప్పట్లో పరిహారం కావాలంటే సివిల్ దావా వేయాల్సిందే. ప్రమాద పరిహారం కేసులు చూసే ప్రత్యేక ట్రైబ్యునళ్లకు 1956 సవరణ దారి వేసింది. తప్పెవరిదో తేల్చకుండానే మరణానికి 15,000 రూపాయలు ఇవ్వాలన్న నియమం 1982లో వచ్చింది. ఆ మొత్తం 1988 చట్టంలో 25,000, 1994లో 50,000 అయింది. 2022 ఏప్రిల్ 1 నుంచి 5 లక్షలు, తీవ్ర గాయానికైతే రెండున్నర లక్షలు. పాలసీ ఉంటే కంపెనీ కడుతుంది, లేకపోతే యజమానే కట్టాలి. లైసెన్సు లోపాల్లాంటి కేసుల్లో ముందు కంపెనీని చెల్లించమని, తర్వాత యజమాని దగ్గర రాబట్టుకోమని కోర్టులు చెబుతుంటాయి. అసలు పాలసీయే లేనివారికి ఆ ఊరట కూడా లేదు.

డ్రైవర్ తప్పు నిరూపించి అడిగే పరిహారానికి గరిష్ఠ పరిమితి లేదు. నెలకు 15,000 సంపాదించే 35 ఏళ్ల తాపీమేస్త్రి, నలుగురు ఆధారపడ్డవారిని వదిలి చనిపోయాడనుకుందాం. 2017లో సుప్రీంకోర్టు ఇచ్చిన ప్రణయ్ సేథీ తీర్పు ప్రకారం భవిష్యత్ సంపాదనకు 40 శాతం కలిపితే 21,000. సొంత ఖర్చుకు నాలుగో వంతు తీస్తే 15,750, ఏడాదికి 1,89,000. ఆ వయసుకు గుణకం, అంటే ఏడాది మొత్తాన్ని హెచ్చించాల్సిన సంఖ్య, 16 కాబట్టి 30,24,000. అంత్యక్రియల ఖర్చు, భార్యాబిడ్డలకిచ్చే మొత్తం, వడ్డీ దీనిపై అదనం. 2022 రేట్ల ప్రకారం 100 సీసీ బైకుకు ఏడాది థర్డ్ పార్టీ ప్రీమియం పన్ను కాకుండా 714 రూపాయలు.

2018 సెప్టెంబరు 1 తర్వాత కొన్న కొత్త బైకులకు ఐదేళ్ల థర్డ్ పార్టీ పాలసీ తప్పనిసరి. అది ముగిశాక రెన్యువల్ మరిచిపోయిన బళ్లు ఇప్పుడు రోడ్ల మీద తిరుగుతున్నాయి. అమ్మేసినా ఆర్సీ మార్చని బళ్లతో ఇంకా ప్రమాదం. రిజిస్ట్రేషన్ ఎవరి పేరున ఉంటే బాధ్యత వారిదేనని సుప్రీంకోర్టు 2018 ఫిబ్రవరిలో తేల్చింది. డబ్బు తీసుకుని సంతకం చేసిన ఫారాలు చేతిలో పెట్టి పంపిన పాత యజమానికే నోటీసు వస్తుంది.

అదే ఏడాది సెప్టెంబరు 13న ఆ కోర్టే మరో మాట చెప్పింది. ప్రాణనష్టం, గాయాలు కలిగించిన బీమా లేని బండిని తగిన పూచీకత్తు లేకుండా విడుదల చేయకూడదు. మూడు నెలల్లో పూచీకత్తు ఇవ్వకపోతే వేలం వేసి, వచ్చిన సొమ్మును ట్రైబ్యునల్లో జమ చేయాలి. అందుకే యజమాని తగవు తేలేదాకా ఆగకుండా డిపాజిట్ రసీదో, బ్యాంకు గ్యారంటీయో, పొలం కాగితాలో సిద్ధం చేసుకోవాలి.

పోలీసుల తొలి నివేదిక 48 గంటల్లో, పూర్తి నివేదిక 90 రోజుల్లో ట్రైబ్యునల్‌కు చేరాలి. ఆ నివేదికనే క్లెయిముగా తీసుకోవచ్చు. కాబట్టి బాధితులు గడువైన ఆరు నెలల్లో పిటిషన్ వేయలేదని యజమాని ధీమాగా ఉండటం తప్పు. నోటీసు అందినా వెళ్లకపోతే ఎక్స్‌పార్టీ అవుతారు, అంటే ఆయన లేకుండానే విచారణ సాగిపోతుంది. ఆదాయం మీద, ఎదుటివారి తప్పు మీద చెప్పుకోవాల్సింది చెప్పేవారే ఉండరు. తీర్పు వచ్చిన 30 రోజుల్లో సొమ్ము జమ చేయకపోతే బాధితులు మోటారు వాహనాల చట్టం 174వ సెక్షన్ కింద అడగవచ్చు. ట్రైబ్యునల్ ఇచ్చే సర్టిఫికెట్‌తో కలెక్టర్ దాన్ని భూమి శిస్తు బకాయిలా వసూలు చేస్తారు. కొబ్బరితోట, చేపల చెరువు జప్తుకు వచ్చేది ఇక్కడే. హైకోర్టుకు అప్పీలు చేయాలన్నా 25,000 గానీ, తీర్పు మొత్తంలో సగం గానీ, ఏది తక్కువైతే అది ముందు కట్టాలి.

రాజీ కావాలంటే లోక్ అదాలత్‌లోనో, ట్రైబ్యునల్ ముందో చేసుకోవాలి. వారసులందరూ పార్టీలుగా ఉండాలి. మైనర్ పిల్లల వాటాపై రాజీకి కోర్టు అనుమతి తప్పనిసరి. ఊళ్లో రాసుకున్న కాగితాలు వీగిపోయేది ఎక్కువగా దీనివల్లే. ముందే ఇచ్చిన సొమ్ముకు బ్యాంకు బదిలీ ఆధారం ఉంటే దాన్ని ట్రైబ్యునల్ ముందు పెట్టి మినహాయింపు అడగవచ్చు. పరిహారం చెల్లించినా నిర్లక్ష్యంతో మరణానికి కారణమైనందుకు పెట్టిన క్రిమినల్ కేసు మాత్రం దాని దారిన అది నడుస్తుంది.