ఎడమచేతి షూటర్‌కి మొదటి పిస్టల్: చెయ్యి మార్చకండి, గ్రిప్ మార్చండి

ఎడమచేతి వాటం ఉన్నవాళ్లు కొత్తగా చేరడానికి వస్తే నాకు ముందే తెలుసు, ఒక ప్రశ్న వస్తుంది. అడిగేది చాలాసార్లు వాళ్లు కాదు, పక్కన నిలబడ్డ అమ్మో నాన్నో: "వీడిది ఎడమచెయ్యి సార్. తుపాకులన్నీ కుడిచేతికే చేస్తారట కదా, ఇప్పట్నుంచే కుడిచేత్తో అలవాటు చేయిస్తే మంచిదేమో?" ఈ మాట ఎవరు పుట్టించారో గానీ, ఎడమచేతి పిల్లల కాలాన్నీ డబ్బునీ ఇంతగా తినేసిన అపోహ పిస్టల్ షూటింగ్‌లో ఇంకొకటి లేదు. కోచ్‌గా నేను రోజూ దీంతోనే కుస్తీ పడుతుంటాను. అందుకే దీని గురించి వివరంగా రాస్తాను. మిగతావి గబగబా చెప్పేస్తాను.

అపోహ: తుపాకులన్నీ కుడిచేతివే, కాబట్టి కుడిచేత్తో నేర్చుకోవడమే మేలు

వద్దు. ఏ చేత్తో రాస్తారో ఆ చేత్తోనే పిస్టల్ పట్టుకోండి.

పిస్టల్ షూటింగ్‌లో చేతికి ఉండే పనులు రెండే. ఒకటి, కదలకుండా పట్టుకోవడం. రెండోది, మిగతా వేళ్లు బిగుసుకోకుండా చూపుడువేలు ఒక్కదాన్నే నేరుగా వెనక్కి నొక్కడం. వినడానికి ఇది చిన్న పనే. నెలల తరబడి అందరూ తంటాలు పడేది మాత్రం దీంతోనే. 10 మీటర్ల ఎయిర్ పిస్టల్‌లో (గాలి ఒత్తిడితో చిన్న గుండును కాల్చే పిస్టల్) ట్రిగ్గర్ బరువు, అంటే దాన్ని నొక్కడానికి పట్టే ఒత్తిడి, కనీసం 500 గ్రాములు ఉండాలని అంతర్జాతీయ షూటింగ్ సమాఖ్య ఐఎస్‌ఎస్‌ఎఫ్ రూలు. పిస్టల్ మొత్తం బరువు 1500 గ్రాములు దాటకూడదు. అంటే కిలోకి అటూ ఇటూగా ఉన్న వస్తువును చెయ్యి చాచి ఒంటిచేత్తో పట్టుకుని, అది కాస్త కూడా చలించకుండా అరకిలో ఒత్తిడి పెట్టాలి. క్వాలిఫికేషన్‌లో ఇలా 60 షాట్లు కొట్టాలి, ఎలక్ట్రానిక్ టార్గెట్ల మీద టైము గంటంపావు. ఇంత సున్నితమైన పనిని, చిన్నప్పటి నుంచి నేర్పు పట్టుబడిన చేతి నుంచి లాక్కుని రెండో చేతికి అప్పగించమంటున్నారు. కారణం ఏమిటంటే, ఎక్కడో ఒక బటన్ ఎడమ పక్కన ఉంది!

పోనీ, మ్యాచ్ ఎయిర్ పిస్టల్‌లో ఆ బటన్ అయినా ఉందా అంటే అదీ లేదు. సింగిల్ షాట్ ఎయిర్ పిస్టల్‌కి విడదీసే మ్యాగజైన్ (తూటాల పెట్టె) ఉండదు, ఖాళీ షెల్ ఎగిరి పడదు. కొన్ని మోడళ్లలో లోడింగ్ లీవర్ ఒక పక్కకి ఉంటుంది, అది కొద్ది రోజుల్లో అలవాటైపోతుంది. నిజంగా కుడీ ఎడమా తేడా ఉన్న భాగం గ్రిప్, అంటే చేతిపిడి, ఒక్కటే. అది స్క్రూతో బిగించిన చెక్క. విప్పేసి ఎడమచేతిది బిగిస్తే ఆ పిస్టల్ ఎడమచేతి పిస్టల్ అయిపోతుంది. మోరీనీ, స్టెయర్, వాల్తర్, పార్దీనీ లాంటి కంపెనీలు ఎడమచేతి గ్రిప్పులు సైజుల వారీగా చేస్తాయి.

మరి ఇబ్బంది ఎక్కడొస్తుందంటే, కొత్తవాళ్ల చేతికి ముందుగా అందేది క్లబ్బు పిస్టల్. దానికి ఉండేది కుడి గ్రిప్. కుడిచేతి అచ్చు ప్రకారం చెక్కిన గ్రిప్‌ను ఎడమచేత్తో పట్టుకుంటే ఏమవుతుందో ఒకసారి చూడండి. బొటనవేలు ఆనడానికి చెక్కిన అంచు వచ్చి ఎడమ అరచేతిలో గుచ్చుకుంటుంది. అరచేతి కోసం ఉబ్బెత్తుగా చేసిన భాగం వేళ్ల కిందకి వస్తుంది. కింద అరచేతి అంచు ఆనడానికి ఉండే పలక (పామ్ షెల్ఫ్) చేతికి దన్నుగా నిలవాల్సింది పోయి అడ్డం తగులుతుంది. ఇంత అవస్థలో ఎవరు మాత్రం గురి కుదురుగా పెట్టగలరు? అప్పుడు "చూశావా, నీకు ఎడమచెయ్యి పనికిరాదు, కుడికి మార్చెయ్" అంటారు. తప్పు గ్రిప్‌ది, శిక్ష చేతికి.

ఒకమ్మాయి వేరే క్లబ్బులో కొంతకాలం నేర్చుకుని మా దగ్గరికి వచ్చింది. కుడిచేత్తో షూట్ చేసేది. నిలబడే తీరు, ఊపిరి బిగబట్టే సమయం, సైట్లు (పిస్టల్ మీద గురి చూసుకునే ముందు, వెనక గుర్తులు) చూసే పద్ధతి అన్నీ చక్కగా ఉన్నాయి. ట్రిగ్గర్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం వేలితో పాటు మణికట్టు కూడా కదిలిపోయేది. ఎంత సరిదిద్దినా మళ్లీ అదే. ఒక సిరీస్ అయ్యాక స్కోరు పుస్తకంలో రాసుకుంటుంటే గమనించాను, పెన్ను ఎడమచేతిలో ఉంది. ఏమ్మా అని అడిగితే, "మొదట్లో ఎడమచేత్తోనే పట్టుకున్నాను సార్. అరచెయ్యి ఎర్రగా కందిపోయేది. ఎడమ గ్రిప్ లేదు, కుడికి మార్చుకో అన్నారు" అంది. గ్రిప్ తెప్పించి బిగించాం. అరచేతికీ చెక్కకూ మధ్య ఖాళీ ఉన్నచోట వుడ్ పుట్టీ నింపాం, ఒత్తుకుంటున్నచోట గరుకు కాగితంతో రుద్దాం. మొదటి రోజుల్లో గుళ్లు చెదిరే పడ్డాయి, అది మామూలే. కానీ వేలు మాత్రం మొదటి పూటే తేడా చూపించింది: మణికట్టు కదలకుండా వేలొక్కటే వెనక్కి వచ్చింది. వాళ్లమ్మగారికి ఒకటే బెంగ, ఇన్నాళ్లు నేర్చుకున్నదంతా పోయినట్టేనా అని. పోదండీ. ఊపిరి, నిలకడ, సైట్ పిక్చర్, మ్యాచ్ టెన్షన్‌ను తట్టుకోవడం, ఇవన్నీ చేతితో పాటు మారేవి కావు. నిలబడే దిశ మారుతుంది, అంతే.

ఇక్కడ కొందరు కారోయ్ టాకాచ్ పేరు ఎత్తుతారు. హంగరీ షూటర్. 1938లో గ్రెనేడ్ పేలి కుడిచెయ్యి దెబ్బతింటే ఎడమచేత్తో నేర్చుకుని, 1948 లండన్, 1952 హెల్సింకీ ఒలింపిక్స్ రెండింటిలోనూ ర్యాపిడ్ ఫైర్ పిస్టల్ స్వర్ణం గెలిచాడు. "ఆయన మార్చుకోలేదా?" అని వీళ్ల వాదన. ఆయన మార్చుకున్నది కుడిచెయ్యి పనికిరాకుండా పోయింది కాబట్టి. పైగా అప్పటికే ఆయన ఆరితేరిన షూటర్. శుభ్రంగా పనిచేసే చెయ్యి ఉన్న పిల్లవాడికి ఆ ఉదాహరణ చూపించి చెయ్యి మార్పించడం ఏం న్యాయం? ఎడమచేత్తో పెద్ద మ్యాచ్‌లు గెలవలేరు అనేవాళ్లకు మాత్రం ఆయన కథ తప్పకుండా చెప్పండి.

ఒక్క మినహాయింపు ఉంది. కొందరికి రెండు చేతులూ దాదాపు సమానంగా పనిచేస్తాయి. వాళ్లు తమంతట తాము కుడిచేత్తో మొదలుపెట్టి హాయిగా ఆడుతుంటే కదపక్కర్లేదు.

అపోహ: ఎడమచెయ్యి, కుడికన్ను అయితే ఇక షూటింగ్ కుదరదు

దీని గురించి భయపడి వచ్చేవాళ్లను చూస్తే నాకు జాలేస్తుంది. ఎక్కడో చదివి, ఇంట్లో పరీక్ష చేసుకుని, కుడికన్నే ప్రధానమని, అంటే గురి చూడ్డంలో మెదడు ఎక్కువగా నమ్మేది దాన్నేనని, తేలేసరికి గుండె జారిపోయి వస్తారు. జనంలో ఎక్కువమందికి ప్రధానమైనది కుడికన్నే. ఎడమచేతి వాళ్లలో కూడా ఇలా ఉన్నవాళ్లు చాలామంది కనిపిస్తారు. ఇది లోపం కాదు.

రైఫిల్‌తో అయితే కొంత ఆలోచించాలి, ఎందుకంటే దాని వెనక చివర (బట్) భుజానికి, చెంప దాని చెక్క భాగానికి (స్టాక్) ఆనిపోతాయి. పిస్టల్ చేతి చివర ఉంటుంది. రెండు చేతులతో పట్టుకునే పిస్టల్ అయితే పిస్టల్‌ను కుడికన్ను ఎదురుగా కొద్దిగా జరిపితే సరిపోతుంది, లేదా గడ్డం కాస్త ఎడమకి తిప్పాలి. ఒంటిచేతి ఎయిర్ పిస్టల్‌లో నిలబడే కోణం మార్చి, గురి చూడని కంటికి బ్లైండర్ (చూపుకి అడ్డంగా పెట్టే చిన్న పట్టీ) పెట్టుకోవచ్చు. 30 మిల్లీమీటర్ల వెడల్పు వరకు రూల్స్ ఒప్పుకుంటాయి. ఆ కన్ను గట్టిగా మూసుకోవడం మాత్రం వద్దు. ముఖం బిగుసుకుని, కాసేపటికి గురి చూసే కన్ను కూడా అలిసిపోతుంది.

అపోహ: అన్ని బటన్లూ కుడి పక్కన ఉన్న ఎడమచేతి పిస్టలే కొనాలి

ఇది తూటా పిస్టళ్ల సంగతి. మొదట కొనేవాళ్లు బటన్ల లెక్క చూస్తారు, చెయ్యి అమరిందా లేదా చూడరు. నా వరస తలకిందులుగా ఉంటుంది. ముందు ఖాళీ పిస్టల్‌ను, ఖాళీ అని మీరూ ఇచ్చినవాళ్లూ ఇద్దరూ చూసుకున్నాక, ఎడమచేతిలో పట్టుకోండి. గొట్టం ముంజేతికి తిన్నగా ఉండాలి. అలా ఉంచి చూపుడువేలు చాచితే, వేలి కొన మెత్తని భాగం ట్రిగ్గర్ మీద పడాలి. అందక చెయ్యి పక్కకి తిప్పాల్సి వస్తే ఆ పిస్టల్ మీకు పెద్దది. వేలు రెండో కణుపు దాకా లోపలికి పోతే చిన్నది. ఈ పరీక్షలో తప్పిన పిస్టల్‌కి బటన్లు ఏ పక్కన ఉన్నా దండగే.

తర్వాత చూడాల్సింది సేఫ్టీ, అంటే పొరపాటున పేలకుండా ఆపే మీట. 1911 రకం, సీజెడ్ 75 లాంటి వాటిలో మామూలుగా సేఫ్టీ మీట ఎడమ పక్కనే ఉంటుంది, ఎడమ బొటనవేలికి అందదు. ప్రతిసారీ పట్టు సడలించి అందుకోవాలి. కొత్తవాళ్లకు ఇది మంచిది కాదు. కాబట్టి రెండు పక్కలా మీట ఉన్నదో, బెరెట్టా 92ఎఫ్ఎస్‌లో లాగా, లేకపోతే గ్లాక్‌లా బయట మీట లేనిదో తీసుకోండి. బయట మీట లేని రకంలో వేలు ట్రిగ్గర్ గార్డు బయట ఉంచే క్రమశిక్షణ మొదటి రోజు నుంచే కావాలి. బటన్లలో నేను పట్టుబట్టేది సేఫ్టీ గురించే.

మ్యాగజైన్ రిలీజ్ (మ్యాగజైన్‌ను వదిలే బటన్) గురించి బెంగ అక్కర్లేదు. ఎడమ పక్కన ఉన్న బటన్‌ను ఎడమ చూపుడువేలితో నొక్కొచ్చు. నొక్కేటప్పుడు వేలు ట్రిగ్గర్ మీద ఉండే వీలే లేదు, కొత్తవాళ్లకు అదొక మేలు. ఆ బటన్‌ను రెండో పక్కకి తిప్పి బిగించుకునే వీలున్నా అలాగే ఉంచేసుకున్న ఎడమచేతి షూటర్లు ఉన్నారు. తిప్పితే మాత్రం మ్యాగజైన్లు చూసుకోండి. గ్లాక్ నాలుగో తరం నుంచి బటన్ రెండు పక్కలకూ మార్చుకోవచ్చు, పాత తరం మ్యాగజైన్లకు గాడి ఒక పక్కే ఉంటుంది కాబట్టి మార్చిన బటన్‌కి అవి నిలవవు. స్లైడ్ స్టాప్ (పిస్టల్ పైన ముందుకీ వెనక్కీ జరిగే స్లైడ్‌ను వెనక్కి ఆపి ఉంచే మీట) అయితే అసలు పట్టించుకోకండి, స్లైడ్‌ను పైనుంచి పట్టుకుని వెనక్కి లాగి వదిలితే చాలు.

మిగతావి

ఖాళీ షెల్ ముఖానికి కొడుతుందా? పిస్టల్ చాచిన చేతుల చివర ఉంటుంది, షెల్ కుడివైపుకి పోతుంది. ఎప్పుడో ఒకటి దారితప్పి వస్తుంది, కుడిచేతి వాళ్లకూ వస్తుంది. కళ్లద్దాలు, టోపీ, మెడ మూసిన చొక్కా. అయిపోయింది.

రివాల్వర్ రెండు చేతులకూ ఒకటేనా? కాల్చేటప్పుడు అవును. లోడ్ చేసేటప్పుడు కాదు. చాలా డబుల్ యాక్షన్ రివాల్వర్లలో (ట్రిగ్గర్ నొక్కితేనే సుత్తి లేచి పడే రకం) తూటాలు నింపే సిలిండర్ ఎడమకి తెరుచుకుంటుంది, దాన్ని తెరిచే లాచ్ కూడా ఎడమ పక్కనే.

చిన్న పిస్టల్ కొత్తవాళ్లకు తేలిక అంటారు. మొయ్యడానికి తేలిక, కాల్చడానికి కాదు. అదే తూటాకి తేలిక పిస్టల్ ఎక్కువ తన్నుతుంది. మొదలుపెట్టడానికి నిండు సైజు .22 (చిన్న తూటా) పిస్టల్ మంచిది, చట్టం ఒప్పుకున్నచోట. రూగర్ మార్క్ IVలో సేఫ్టీ రెండు పక్కలా ఉంటుంది. పెద్ద తూటా 9 ఎంఎం తర్వాత చూసుకోవచ్చు.

అపోహ: గుళ్లు కుడి కిందకి పడుతున్నాయంటే పిస్టల్‌లోనే లోపం

రేంజ్ గోడ మీద ఒక చార్టు తగిలించి ఉంటుంది: గుండు ఎక్కడ పడితే ఏ తప్పు అని. అది కుడిచేతి వాళ్లది. ట్రిగ్గర్‌ను గబుక్కున లాగితే కుడిచేతి వాళ్లకు ఎడమ కిందకి పడుతుంది, ఎడమచేతి వాళ్లకు కుడి కిందకి. చార్టును అద్దంలో చూసినట్టు తిప్పుకుని చదవాలి. ఇది చెప్పేవాళ్లు లేక జనం మంచి పిస్టళ్లు అమ్ముకుంటున్నారు.

ఒకాయన వెనక సైట్‌ను ఎడమకి జరపగలిగినంత జరిపి తెచ్చాడు. "దీని గొట్టమే వంకరండీ, అమ్మేస్తాను" అన్నాడు. ఆయనకు చెప్పకుండా తూటాల మధ్య ఒక డమ్మీ రౌండ్ (పేలని ఉత్తుత్తి తూటా) పెట్టి ఇచ్చాను. దాని వంతు వచ్చినప్పుడు పేలలేదు, పిస్టల్ మూతి మాత్రం కుడి కిందకి జర్రున దిగింది. ఆయన తన కళ్లతో తాను చూసుకున్నాడు. ఇంక నేను చెప్పాల్సింది ఏమీ లేకపోయింది. సైట్ మధ్యకి తెచ్చాం, డమ్మీ రౌండ్లతో సాధన మొదలుపెట్టాం. ఆ పిస్టల్ ఇప్పటికీ ఆయన దగ్గరే ఉంది.

ఇంకొకటి, దీన్ని అపోహ అనలేను, ఎవరూ చెప్పని సంగతి. స్లైడ్ లాగేటప్పుడు కుడిచేతి వాళ్ల పిస్టల్ మూతి ఎడమకి తిరుగుతుంది, ఎడమచేతి వాళ్లది కుడికి. అంటే కుడి లేన్‌లో ఉన్న మనిషి వైపుకి! పిస్టల్‌ను టార్గెట్ వైపే ఉంచి, ఒంటిని ఎడమకి తిప్పి స్లైడ్ లాగాలి. మొదటి క్లాసులోనే ఖాళీ పిస్టల్‌తో ఇది చేయించాలి. కుడిచేతి వాళ్లకు చూపించినట్టే చూపించి వదిలేస్తే, నాకు తిప్పి చూపించండి అని కోచ్‌ని అడగండి.