కలప అమ్మే రోజు: అపోహలు - వాస్తవాలు

కోనసీమలో సముద్రం పక్క ఇసుక నేలలో నేను సరుగుడు వేస్తాను. మా వైపు సరివి అంటారు. మెరక పొలం గట్ల మీద టేకు ఉంది. మొదటి తోటకి మూడేళ్లు కాపలా కాసి, బేరం మాత్రం టీ తాగినంతసేపట్లో తేల్చేశాను. ఆ తర్వాత నేర్చుకున్నవే ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: తూకం లేకుండా తోట మొత్తాన్ని ఒకే ధరకి గుత్తకి ఇచ్చేస్తే టెన్షన్ ఉండదు.

టెన్షన్ ఉండదు, నిజమే. కానీ తోటలో ఎంత కర్ర ఉందో అంచనా వేసింది ఎవరు? నా తోటలో మూడు లోడ్లకు మించి రాదన్నాడు కొనడానికొచ్చినాయన. నేనూ తలూపాను. ఐదో లారీ వెళ్తుంటే గేటు దగ్గర నిలబడి చూశాను.

ఇప్పుడు నేను చేసే పని ఇది. తోట నడుమ, అంచున, పల్లంలో, మెరకలో ఒక్కో చోట ఒక మధ్యరకం చెట్టు నరికి కాటా వేయిస్తాను. ఆ సగటును బతికున్న చెట్ల సంఖ్యతో హెచ్చవేస్తాను. నాటిన సంఖ్యతో వేస్తే లెక్క తప్పుతుంది, చచ్చిన మొక్కలు కాటా ఎక్కవు కదా. అంచు వరసను మాత్రమే చూసినా పొరపాటే. ఎండ బాగా తగిలి అక్కడి చెట్లు లావెక్కుతాయి.

అపోహ: టన్నుకి ఎక్కువ రేటు చెప్పినవాడికే అమ్మాలి.

పచ్చి కర్ర బరువులో దాదాపు సగం నీళ్లే. ఎక్కువ రేటు చెప్పినవాడు లారీ పంపకుండా వారం ఆపితే, ఆ నీళ్లు మన ఖాతాలోనే ఆవిరవుతాయి. 20 టన్నులు 18కి దిగిందంటే ఆ రేటుకి అర్థమేముంది? నరికిన కూలి, తొక్క తీసిన కూలి, ఎత్తుడు కూలి, లారీ కిరాయి ఎవరివో ముందే మాట్లాడుకోవాలి. తూకం తొక్కతోనా, తొక్క తీశాకా అన్నది కూడా. ఇవేవీ తేలకుండా రేటు గురించి గంటసేపు వాదించుకోవడం మన అలవాటు.

అపోహ: దగ్గరగా నాటితే ఎక్కువ కలప.

నాలుగడుగుల ఎడంలో ఎకరానికి 2,722 మొక్కలు పడతాయి, ఆరడుగులైతే 1,210. మొక్కల సంఖ్య పెరుగుతుంది, ఒక్కో చెట్టు లావు తగ్గుతుంది. సెంట్రింగుకీ పందిళ్లకీ వెళ్లే బాదులు కావాలంటే సన్నగా, నిటారుగా ఉండటమే మేలు. కాగితపు మిల్లుకి తూకం మీద పంపేవాడికి అంత ఇరుకు అక్కర్లేదు. ఎవరికి అమ్ముతామో నాటే ముందే అనుకోవాలి.

అపోహ: టేకు కొలిచే లెక్కే మోసం.

దీని మీద మా ఊళ్లో గొడవలు కూడా అయ్యాయి. దుంగ చుట్టుకొలతను నాలుగుతో భాగించి, వచ్చినదాన్ని దానితోనే హెచ్చవేసి, పొడవుతో గుణిస్తారు. 40 అంగుళాల చుట్టుకొలత, 10 అడుగుల పొడవు దుంగను తీసుకోండి. పదిని పదితో, మళ్లీ పదితో హెచ్చవేస్తే 1,000. అంగుళాలను అడుగుల్లోకి మార్చడానికి దాన్ని 144తో భాగిస్తే దాదాపు 7 ఘనపుటడుగులు. గుండ్రటి దుంగలో నిజంగా ఉన్నది 8.8. నూటికి ఇరవై ఒక్క పాళ్లకు పైగా తగ్గింది. కానీ అది కలప కోతలో పోయే చెక్కకని పాతకాలం నుంచి వస్తున్న పద్ధతి. కొనేవాళ్లంతా ఆ లెక్క మీదే రేటు చెబుతారు కాబట్టి దాన్ని మోసం అనను.

అసలు నష్టం టేపు పట్టే చోట ఉంది. దుంగ నడిమధ్యన పట్టాల్సిన టేపు మెల్లగా సన్నటి కొసవైపు జరుగుతుంది. 40 కాస్తా 38 అవుతుంది. రెండంగుళాలే కదా అనిపిస్తుంది, కానీ లెక్కేస్తే 6.27 వస్తుంది. ఒక్క దుంగలోనే నూటికి పది పాళ్లు పోయినట్టు. అందుకే టేపు రెండో కొస నా చేతిలో ఉంచుకుంటాను. తొక్క మీద కొలుస్తున్నారా, తీశాకా అని అడుగుతాను.

అపోహ: టేకు పదేళ్లకే కోట్లు కురిపిస్తుంది.

పదేళ్ల టేకులో తెల్ల చెక్కే ఎక్కువ. రేటు పలికేది చేవకి, అంటే లోపలి ముదురు చెక్కకి. చేవ పట్టడానికి ఏళ్లు కావాలి. పైగా నీళ్లు నిలిచే నల్లరేగడి చేలో టేకు ఎదగదు. మన డెల్టాలో దాని చోటు మురుగు దిగే మెరక గట్లే.

అపోహ: మన పొలంలో చెట్టు, ఎవర్నీ అడగక్కర్లేదు.

సరుగుడు, జామాయిల్, సుబాబుల్‌కి రవాణా పర్మిట్ పేచీ లేదు. టేకుకి ఉంది. పట్టా భూమిలో పెరిగినదైనా అటవీ శాఖ అనుమతి లేకుండా లారీ కదిలితే చిక్కుల్లో పడతాం. పర్మిట్ నేను చూసుకుంటాలే అన్న దళారికి ఒకసారి అడ్వాన్సు ఇచ్చి, మళ్లీ అతని ముఖం చూడలేదు.

అపోహ: సరుగుడు వేస్తే నేల సారాన్ని పీల్చేస్తుంది.

నారుమడిలో ఒక మొక్క పీకి వేరు చూడండి. గోధుమ రంగులో చిన్న చిన్న గుత్తుల్లా బుడిపెలు కనిపిస్తాయి. ఫ్రాంకియా అనే సూక్ష్మజీవి అందులో ఉండి, గాలిలోని నత్రజనిని మొక్కకి అందిస్తుంది. కింద వేరే పంట రాకపోవడానికి కారణం నీడ, రాలిన ఆకు మెత్త. అయితే ఒక మాట, జామాయిల్‌లా దీని మోడు మళ్లీ చిగురిస్తుందని ఆశ పెట్టుకోకండి. కొట్టాక మళ్లీ నాటుకోవాల్సిందే.

అపోహ: తుఫాను పోయాక అమ్మితే కొరత వల్ల రేటు వస్తుంది.

1996 నవంబరు తుఫాను చూసినవాళ్లు ఇలా అనరు. పడిపోయిన కర్ర అందరి దగ్గరా ఒకేసారి మార్కెట్‌కి వస్తుంది. కూలీలు దొరకరు, లారీలు దొరకవు, వచ్చినవాడు చెప్పిందే రేటు. నా తోటకి ఇప్పుడు మూడేళ్ల రెండు నెలలు. ఇంకో ఆరు నెలలు ఆగితే బరువు పెరుగుతుందని తెలుసు. అయినా తుఫాన్ల కాలం రాకముందే, సెప్టెంబరుకే రమ్మని కోత మేస్త్రీకి కబురు పెట్టాను.