ఫ్యూరియోసా మీద వాదన: మెలిక 2015కు ముందే పడింది

నాగరికత కూలిపోయిన ఎడారి లోకంలో నడిచే మ్యాడ్ మ్యాక్స్ వరుసలో ఇంకో సినిమా వస్తుందా అన్న మాట వినిపిస్తే చాలు, ‘ఫ్యూరియోసా’ మీద పాత పేచీ మళ్లీ రాజుకుంటుంది. 2024 మే నెలలో కాన్ చిత్రోత్సవంలో తొలిసారి ప్రదర్శించి, వారం తిరిగేసరికి థియేటర్లకు తెచ్చిన ప్రీక్వెల్ ఇది, అంటే ‘ఫ్యూరీ రోడ్’లోని యోధురాలు ఫ్యూరియోసా అంతకుముందు కథ. సుమారు 16.8 కోట్ల డాలర్లు పెట్టి తీస్తే, ప్రపంచమంతా కలిపి వచ్చిన వసూళ్లు 17 కోట్ల పైచిలుకు. అందులో థియేటర్ల వాటా పోగా స్టూడియోకు మిగిలింది నష్టమే. ఆస్కార్‌లో ఒక్క నామినేషన్ కూడా దక్కలేదు. 2015 నాటి ‘ఫ్యూరీ రోడ్’కు ఆరు ఆస్కార్‌లు వచ్చాయి కాబట్టి పోలిక తప్పలేదు. పాత సినిమా విజయాన్ని సొమ్ము చేసుకోవడానికి తీశారనీ, ఎవరూ అడగని ప్రశ్నలకు రెండున్నర గంటల జవాబు చెప్పారనీ ఒక వర్గం అంటుంది. కథను ఇంత దూరం ఆలోచించి తీసిన ప్రీక్వెల్ అరుదని రెండో వర్గం వాదిస్తుంది.

1979 నుంచి మెల్ గిబ్సన్‌తో వచ్చిన మూడు సినిమాల సంగతి అందరికీ తెలిసిందే, దాన్ని వదిలేద్దాం. ఈ తగువుకు మూలం ‘ఫ్యూరీ రోడ్’ ముందుకు కదలక నిలిచిపోయిన ఏళ్లలో ఉంది. 2003లో మొదలు కావలసిన ఆ సినిమా ఇరాక్ యుద్ధం, అమెరికా డాలరు పతనం కారణంగా ఆగింది. తర్వాత ఆస్ట్రేలియాలోని బ్రోకెన్ హిల్ దగ్గర తీద్దామని సిద్ధమైతే, ఎన్నడూ లేనంత వానలు కురిసి ఎడారి నిండా పూలు పూశాయి. చివరికి 2012లో నమీబియాకు వెళ్లి తీశారు. ఈ నిరీక్షణలోనే దర్శకుడు జార్జ్ మిల్లర్, సహరచయిత నికో లాథూరిస్ కూర్చుని ఫ్యూరియోసా గతాన్ని పూర్తి స్క్రీన్‌ప్లేగా రాసేశారు.

అలా రాయడానికి గట్టి కారణమే ఉంది. ‘ఫ్యూరీ రోడ్’ మూడు రోజుల పరుగు. అందులో ఎవరూ ఆగి తమ గతం చెప్పుకోరు. ఆ చెప్పని గతం నటుల చూపులో, బళ్ల మీది మరకల్లో, కోట గోడల్లో కనిపించాలంటే, పనిచేసేవాళ్లకు అది ముందే తెలిసి ఉండాలి. అందుకే ఆ స్క్రీన్‌ప్లేను, ఫ్యూరియోసాగా నటించిన చార్లీజ్ థెరాన్‌తో పాటు చిత్రబృందం చేతికి ఇచ్చారు. జపాన్ చిత్రకారుడు మాహిరో మాయెదాతో దాన్ని యానిమేషన్ సినిమాగా తీయాలన్న ఆలోచన కూడా ఒక దశలో నడిచింది. సొమ్ము చేసుకోవడానికి వండిన కథ అన్న ఆరోపణ ఇక్కడే వీగిపోతుంది. విజయం రాకముందే, అసలు ‘ఫ్యూరీ రోడ్’ పూర్తవుతుందో లేదో తెలియని రోజుల్లోనే, ఈ కథ కాగితం మీద ఉంది.

ఆ కాగితాల జాడ 2015 సినిమాలోనే దొరుకుతుంది. ఫ్యూరియోసా తన తెగ స్త్రీలను కలుసుకున్నప్పుడు వాళ్లు ఆమె తల్లి గురించి అడుగుతారు. చనిపోయింది, మూడో రోజున, అని మాత్రం చెప్పి ఊరుకుంటుంది. థెరాన్ దాన్ని ఏడుపు లేకుండా, ఎప్పుడో గడ్డకట్టిన విషయంలా పలికింది. ఆ ఒక్క జవాబు వెనుక ఉన్నదంతా ప్రీక్వెల్ మొదటి అధ్యాయం: పిల్లను ఎత్తుకుపోయిన బైకు దొంగలను తల్లి ఇసుకలో వెంటాడడం, దూరం నుంచి ఒక్కొక్కరినీ గురిపెట్టి కొట్టడం, తమ పచ్చని నేల జాడ బయటికి పొక్కకూడదని పోరాడడం, చివరికి కూతురి కళ్లముందే చనిపోవడం. ఇది అడగని ప్రశ్నకు జవాబు అనేవాళ్లు ఆ రెండు సన్నివేశాలనూ వెంటవెంటనే చూడాలి.

చేయి సంగతీ అంతే. 2015లో ఆమెకు ఎడమచేయి ఎందుకు లేదో ఎవరూ చెప్పలేదు, చెప్పకపోవడమే బాగుంది. ప్రీక్వెల్ చెబితే చెడిపోతుందేమో అన్న భయం న్యాయమైనదే. మిల్లర్ చేసినదేమిటంటే, ఇంటికి వెళ్లే దారి చూపే నక్షత్రాల పటాన్ని ఆ చేతి మీదే పచ్చబొట్టుగా పొడిపించాడు. శత్రువు ఆమెను ఆ చేతికే గొలుసు కట్టి వేలాడదీసినప్పుడు, బతకాలంటే చేయి వదులుకోవాలి. చేతితో పాటే దారీ పోతుంది. గాయం ఎలా అయిందో చెబుతూనే నష్టం ఎంతటిదో చెప్పిన ఈ ఆలోచన ఒక్కటి చాలు, సినిమా ఉత్తచేతులతో రాలేదని అనడానికి.

బలాలు ఇంకా ఉన్నాయి. డిమెంటస్‌గా క్రిస్ హెమ్స్‌వర్త్ వదరుబోతు విలన్. మూడు బైకులు పూన్చిన రథం మీద, ఒంటికి ఎలుగుబంటి బొమ్మ కట్టుకుని తిరుగుతాడు. పోగొట్టుకున్న పిల్లల దుఃఖమే అతన్ని అంత క్రూరుణ్ని చేసింది. ప్రీక్వెల్‌లో ఫ్యూరియోసా అయిన అన్యా టేలర్-జాయ్ మాటలు తక్కువ, కళ్లతోనే లాక్కొచ్చింది. ఇక సరుకుల లారీ మీద ఆకాశం నుంచి జరిగే దాడి: తెర మీద సుమారు పావుగంట, షూటింగ్‌కు 78 రోజులు. లారీ కింద నుంచి పైకి, ముందు నుంచి వెనక్కి ఎవరు ఎక్కడున్నారో ఒక్క క్షణం కూడా తికమక రాదు. ఈ తరహా పనిలో మిల్లర్‌కు సాటి రాగలవాళ్లు చాలా తక్కువ.

గ్రాఫిక్స్ ఎక్కువయ్యాయన్న ఫిర్యాదులో కొంత నిజముంది. కొన్ని చోట్ల మనుషులు నేలకు అంటుకున్నట్టు కనిపించరు. అయితే పాత సినిమా అంతా నిఖార్సైన ఇనుమూ ఇసుకా అన్న నమ్మకం మాత్రం సరికాదు. అందులోనూ గ్రాఫిక్స్ పని జరిగిన షాట్లు రెండు వేలు దాటాయి.

అసలు లోపం వేరే ఉంది, దాని గురించి మాట్లాడేవాళ్లు తక్కువ. 2015లో ఆమె వెతుకుతున్నది పాపవిముక్తి. ఈ వరుస కథానాయకుడు మ్యాక్స్ అడిగితే ఆ మాటే చెబుతుంది. పాపం ఏమిటి? ఇమ్మార్టన్ జో సైన్యంలో అంత పై హోదాకు ఎదిగిన మనిషి ఆ నియంత కోసం ఏమేం చేసి ఉండాలి? ప్రీక్వెల్ ఆ వైపు చూడదు. ఆమె ఎత్తుకుపోబడిన పిల్లగా, దాక్కున్న కుర్రదానిగా, పగబట్టిన యోధురాలిగా కనిపిస్తుందే తప్ప, తప్పు చేసిన మనిషిగా ఎక్కడా కనిపించదు. జో, డిమెంటస్ సైన్యాల మధ్య జరిగే నలభై రోజుల యుద్ధాన్ని సైతం కొద్ది క్షణాల్లో దాటేస్తుంది. ఆ యుద్ధంలో ఆమె చేతులకు అంటిన నెత్తురు చూపించి ఉంటే, 2015లో ఆమె చెప్పిన మాటకు బరువు పెరిగేది. ఇదీ ఆ పాత స్క్రీన్‌ప్లే పుట్టుక నుంచే వచ్చిందని నా నమ్మకం. నటికి గాయాలు వివరించడానికి రాసిన కథ అది. గాయాల వరకు పక్కాగా చెప్పి అక్కడే ఆగింది.

ఆలస్యం ఈ సినిమాకు చేసిన చేటు కూడా చిన్నది కాదు. 2017లో మిల్లర్ సంస్థ కెన్నెడీ మిల్లర్ మిచెల్, స్టూడియో వార్నర్ బ్రదర్స్ మీద ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ సుప్రీంకోర్టుకు వెళ్లింది. ‘ఫ్యూరీ రోడ్’ 15.7 కోట్ల డాలర్లలోపు పూర్తయితే ఇస్తామన్న 70 లక్షల డాలర్ల బోనస్ ఎగ్గొట్టారన్నది సంస్థ వాదన. ఖర్చు ఆ పరిమితి దాటిందని స్టూడియో అంది. స్టూడియో అడిగిన మార్పుల వల్లే ఖర్చు పెరిగిందని సంస్థ బదులిచ్చింది. ఈ తగువు మధ్య కొత్త సినిమా ఆగి, తారాగణాన్ని ప్రకటించేసరికి 2020 అక్టోబరు వచ్చింది. అప్పటికి థెరాన్‌ను గ్రాఫిక్స్‌తో చిన్నవయసులో చూపాలన్న ఆలోచనను కూడా మిల్లర్ వదులుకున్నాడు, ఆ పరిజ్ఞానం మీద నమ్మకం కుదరక. ప్రేక్షకులు ప్రేమించిన ముఖం అలా పోయింది. వాళ్లు థియేటర్‌కు రాకపోవడానికి కథ కంటే ఇదే పెద్ద కారణమన్న వాదన నాకు సబబుగా అనిపిస్తుంది.

ప్రీక్వెల్ ముగింపు సరిగ్గా ‘ఫ్యూరీ రోడ్’ మొదలయ్యే చోటికి, జో భార్యలు లారీలో దాక్కునే ఘట్టానికి చేరుతుంది. అంటే ఆమె జో కింద అధికారిణిగా గడిపిన కాలం ఇప్పటికీ ఏ సినిమాలోనూ లేదు. మిల్లర్ దగ్గర అదే రోజుల్లో రాసుకున్న మరో కథ ఉంది. అది మ్యాక్స్ గతం గురించి.