నాడె ఆడుతుండగా మనసు ఎటు పోతుంది?

వరంగల్ కొత్తవాడలో జంపఖానా నేసే మనిషిని కాసేపు గమనిస్తే, చేతులు అడ్డనూలు మోసే నాడెను అటూ ఇటూ పంపుతూనే ఉంటాయి గాని, చూపు మాత్రం పడుగు దారాలు దాటి ఎక్కడో నిలిచి ఉంటుంది. అదే చూపు హనుమకొండ హాస్టల్లో చదువుకునే పిల్లవాడి కళ్లలో కనబడితే పరధ్యానం అంటాం, పగటికలలు మానమని గద్దిస్తాం. మెదడు సంగతి కొంత తెలిశాక, ఆ గద్దింపు ప్రతిసారీ న్యాయమైనదని నాకు అనిపించడం లేదు.

శరీర బరువులో దాదాపు 2 శాతమే ఉండే మెదడు, మనం కదలక కూర్చున్నప్పుడు కూడా శరీరం ఖర్చు చేసే శక్తిలో సుమారు 20 శాతం వాడుకుంటుంది. ఏదైనా లెక్కకు పూనుకున్నప్పుడు దానికి అదనంగా అయ్యే ఖర్చు చాలా స్వల్పం. మరి ఊరికే ఉన్న మెదడు ఏం చేస్తున్నట్టు? అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో పనిచేసే మెదడు పరిశోధకుడు మార్కస్ రైకిల్, ఆయన సహచరులు 2001లో దీనికి ఒక దారి చూపారు. బయటి పని మీద దృష్టి పెట్టినప్పుడు నెమ్మదించి, ఆ పని వదలగానే చురుకెక్కే భాగాలు మెదడులో కొన్ని ఉన్నాయి. డీఫాల్ట్ మోడ్ నెట్‌వర్క్ అని పిలిచే ఆ భాగాల అల్లికే, జ్ఞాపకాలను నెమరు వేసేటప్పుడూ, రేపటిని ఊహించేటప్పుడూ, ఎదుటివారి మనసులో ఏముందో అంచనా కట్టేటప్పుడూ పనిచేస్తుంది.

2012లో మనస్తత్వ పరిశోధకులు బెంజమిన్ బేర్డ్, జొనాథన్ స్కూలర్ తదితరులు 145 మందికి మామూలు వస్తువుల పేర్లు ఇచ్చి, వాటికి వింత ఉపయోగాలు చెప్పమన్నారు. నడుమ విరామంలో కొందరికి కష్టమైన పని, కొందరికి తేలికైన పని ఇచ్చి, కొందరిని ఊరికే కూర్చోబెట్టి, మిగిలినవారికి విరామమే లేకుండా చేశారు. తేలికైన పని చేసినవారే మెరుగయ్యారు, అదీ ముందే తల బద్దలు కొట్టుకున్న వస్తువుల విషయంలోనే; కొత్త వస్తువులు ఇస్తే వారికి ఏ లాభమూ కనబడలేదు. తర్వాతి ప్రయోగాల్లో కొన్నింటికి ఈ ఫలితం చిక్కలేదు కనుక దీన్ని రుజువైన సూత్రంగా తీసుకోలేం. అయినా గణితవేత్త ఆన్రీ పోయంకరే 1908లో చెప్పుకున్న అనుభవం దీనికి దగ్గరగానే ఉంది: రెండు వారాలు కుస్తీ పట్టిన సమస్యను పక్కనపెట్టి ప్రయాణంలో ఉన్నప్పుడు, బండి మెట్టు మీద కాలు మోపుతుండగా ఆయనకు కీలకమైన ఆలోచన తట్టింది. ఆ రెండు వారాలు లేకుంటే మెట్టు మెట్టుగానే ఉండేది.

కాజీపేట నుంచి కాగజ్‌నగర్ వైపు వెళ్లే రైలులో కిటికీ పక్కన కూర్చుని కూడా మనం ఫోనులోకే చూస్తున్నాం. ఈ నేరంలో నాకూ వాటా ఉంది. తేలికైన పనికీ ఫోనుకీ తేడా ఉంది: నాడె చేతులను మాత్రమే అడుగుతుంది, ఫోను మనసునే అడుగుతుంది.

తిరిగే మనసు ప్రతిసారీ మంచి చోటికే పోదు. మనస్తత్వ పరిశోధకులు కిల్లింగ్స్‌వర్త్, గిల్బర్ట్ 2010లో 2,250 మందిని రోజులో ఎప్పుడంటే అప్పుడు పలకరించి అడిగితే, దాదాపు 47 శాతం సందర్భాల్లో వారి మనసు చేస్తున్న పని మీద లేదు, అలాంటప్పుడు వారి సంతోషమూ తక్కువగానే ఉంది. కొత్తవాడ మగ్గం ముందు కూర్చున్న మనిషి కొత్త అంచులో ఎరుపు పక్కన ఏ రంగు నప్పుతుందో తలపోస్తూ ఉండవచ్చు, నూలు కొన్న బాకీని పదిసార్లు లెక్కవేస్తూనూ ఉండవచ్చు. పక్కన నిలబడి చూసే మనకు ఆ రెండు చూపులూ ఒక్కలాగే కనిపిస్తాయి.